పేరు ఇద్దరిది, చాకిరీ ఒకరిది

అందరికీ నమస్కారం.

అమెరికన్ టీవీ సీరియల్‌లోని పోలీసు డిటెక్టివ్ కొలంబో అనగానే నలిగిన రెయిన్‌కోటు, చేతిలో చుట్ట, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి వేసే ఆ ఆఖరి ప్రశ్న గుర్తొస్తాయి. ఈ రోజు నేను మాత్రం ఒక చప్పుడు గురించి చెప్పాలనుకుంటున్నాను.

1971 సెప్టెంబర్ 15న అమెరికాలో ఎన్‌బీసీ చానల్ ఆ సీరియల్‌లో 'మర్డర్ బై ది బుక్' ఎపిసోడ్ ప్రసారం చేసింది. రాసింది స్టీవెన్ బాచ్కో. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్, అప్పటికి ఆయనకు 24 ఏళ్లు. మొదట లాస్ ఏంజెలెస్ వీధుల్లో ఒక కారు వస్తూ ఉంటుంది. ఇంజిన్ మోత లేదు, సంగీతం లేదు. టైప్‌రైటర్ టకటక ఒక్కటే. కారులో ఉన్నవాడు కెన్ ఫ్రాంక్లిన్. పైన ఆఫీసులో ఒంటరిగా టైపు కొడుతున్నవాడు జిమ్ ఫెరిస్. మిసెస్ మెల్విల్ అనే డిటెక్టివ్ నవలలతో ఇద్దరూ బాగా సంపాదించారు. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి, రాసేది మాత్రం జిమ్. ఇంకా ఎవరూ నోరు విప్పకముందే, ఎవరు పని చేస్తున్నారో, ఎవరు తిరుగుతున్నారో మన చెవికి తెలిసిపోతుంది.

జిమ్ ఇక విడిగా రాసుకుంటానన్నాడు. కెన్ అతన్ని శాన్ డియాగో దగ్గర సరస్సు పక్కనున్న తన ఇంటికి తీసుకెళ్లాడు. ఆఫీసులోనే ఉన్నానని భార్యకు ఫోన్ చేయించాడు. జిమ్ ఆ మాట చెబుతుండగానే కాల్చేశాడు. పాపం జొవానా అవతల తుపాకీ మోత విని, భర్త ఆఫీసులోనే చచ్చిపోయాడని నమ్మింది. ఫోన్‌లో గొంతు వినిపిస్తుంది గానీ చోటు కనిపించదు కదా! స్నేహితుడి మాట కాదనలేక ఆడిన చిన్న అబద్ధమే హంతకుడికి సాక్ష్యమైంది.

అంత దుఃఖంలో ఉన్న ఆమెను కొలంబో ఇంటికి దిగబెట్టి, వంటింట్లోకి వెళ్లి ఆమ్లెట్ వేస్తాడు. ఈ సీను నాకెంతో ఇష్టం. ప్రశ్నలు అడగడానికి వచ్చిన పోలీసు గుడ్లు కొడుతూ మాట్లాడతాడు. మరి కెన్? తానే తెచ్చి పడేసిన భాగస్వామి శవం తన లాస్ ఏంజెలెస్ ఇంటి పచ్చికలో దొరికిన పూటే, ఇంటికొచ్చిన ఉత్తరాలూ బిల్లులూ తెరిచి చూసుకున్నాడు. కొలంబో కన్ను అక్కడే పడింది.

మనకు జంటకవులు కొత్త కాదు. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లో పోయాక కూడా చెళ్లపిళ్లవారు ఇద్దరి పేరు మీదే రాశారు. తోడు అంటే అది. కొలంబోను సృష్టించిన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ కూడా బడిలో కలిసిన స్నేహితులే, లెవిన్సన్ పోయేదాకా కలిసే రాశారు. జంట రచయితలు నడిపిన సీరియల్లో ఈ కథ రావడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

సరస్సు దగ్గర జిమ్‌ను చూసి తనను బ్లాక్‌మెయిల్ చేసిన దుకాణం యజమానురాలిని కూడా కెన్ చంపుతాడు. ఆ రెండో హత్య మోటుగా ఉంది, మొదటిది మాత్రం తెలివైన ప్లాను. కథ అల్లడం రానివాడికి అది ఎలా తట్టిందన్నదే కొలంబో అనుమానం. జిమ్ కాగితాలన్నీ వెతికితే, అచ్చం ఆ ప్లానే ఒకచోట రాసి ఉంది. కెన్ ఒప్పుకున్నాడు. అది జిమ్ ఆలోచన కాదు, తనదేనట. తనకు జీవితంలో తట్టిన మంచి ఆలోచన అదొక్కటేనట. ఏళ్ల కిందట మాటల్లో చెబితే, జిమ్ రాసి పెట్టుకున్నాడు.