అర కిలోమీటరుకి 40 నిమిషాలు

అందరికీ నమస్కారం.

పోయిన నెల ఇదే హాల్లో మోకాళ్ళ నొప్పుల గురించి డాక్టరు గారు మాట్లాడారు. ఈసారి నన్ను మాట్లాడమన్నారు. దేని గురించండీ అంటే, "రోజంతా మనవరాలితోనే ఉంటారుగా, దాని గురించే చెప్పండి" అన్నారు సెక్రటరీ గారు. నా చదువు ఇంటర్‌తో ఆగింది. పిల్లల పెంపకం మీద ఒక్క పుస్తకం కూడా చదవలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే, టైము. 1985లో ఆర్టీసీలో కండక్టరుగా చేరి, 2017లో కంట్రోలరుగా రిటైరయ్యాను. కంట్రోలరంటే తెలుసుగా, బస్‌స్టేషన్‌లో చిన్న గదిలో కూర్చుని ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది, ఎంత లేటు, లేటుకి కారణమేంటి అని రాసేవాడు. నిజాం కాలంలో, 1932లో, 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన సర్వీసది. అప్పట్నుంచీ ఎవరో ఒకరు ఎక్కడో కూర్చుని ఈ లెక్క రాస్తూనే ఉండి ఉంటారు. అందులో నేనొకణ్ణి.

అలాంటివాడి చేతిలో రెండేళ్ళ నాలుగు నెలల పిల్లని పెట్టారు.

మా అబ్బాయి, కోడలు ఇద్దరూ హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలు. తార్నాకలో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా ఒకటే లైను, మారే పని లేదు. అయినా పొద్దున ఎనిమిదిన్నరకి బయల్దేరితే రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది. మధ్యలో పాప, నేను, మా ఆవిడ. పాప మమ్మల్ని చూసుకుంటుంది, మేం పాపని చూసుకుంటాం.

ముందు నడక సంగతి చెబుతాను. మా ఇంటి నుంచి పాల బూత్ అర కిలోమీటరు ఉంటుంది. నా కాళ్ళకి ఏడెనిమిది నిమిషాలు. పాపతో వెళ్తే 40 నిమిషాలు. ఇది ఉజ్జాయింపు కాదు, వాచీ చూసి రాసుకున్న లెక్క. పాత అలవాటు పోక మొదటి వారంలోనే ఒక నోటుబుక్కు పెట్టాను. ఒక రోజుది చదువుతాను.

"6:50 గేటు దాటాం. 6:52 చీమలు. 6:59 ఇంకా చీమలే. 7:03 మ్యాన్‌హోల్ మూత, ఎక్కి దిగడం, 11 సార్లు. 7:09 ఇస్త్రీ బండి. బొగ్గులు రాజేస్తుంటే తనూ ఇక్కణ్ణించి ఊదింది. 7:15 నల్ల కుక్క. 7:20 ఉల్లిగడ్డల ఆటో. 7:30 పాల బూత్."

ఆ ఉల్లిగడ్డల ఆటో మీ గల్లీకీ వస్తుంది. మైకులో రికార్డు చేసి పెట్టిన గొంతు, ఆపకుండా అదే మాట. మా పాప ఇంట్లోవాళ్ళ పేర్లు సరిగా పలక్కముందే "గడ్డా గడ్డా గడ్డా" అని అదే రాగంలో అరిచేది. మా ఆవిడ తల పట్టుకుంది.

చీమల దగ్గర ఏడు నిమిషాలు ఏం చేస్తుందని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఒకసారి పక్కనే కూర్చుని చూశాను. గోడ వారగా బియ్యపు గింజ ఒకటి పోతోంది, కింద మూడు చీమలు. పాప రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ముక్కు నేలకి తగిలేంతగా వంగింది. గింజ గోడ పగుల్లోకి పోతుంటే అడ్డం పడి ఇరుక్కుంది. చీమలు దాన్ని వెనక్కి లాగి, తిప్పి, నిలువుగా లోపలికి పట్టుకెళ్ళాయి. పాప నా వైపు తిరిగి "బువ్వ" అంది. అంతే. ఆ మాట పూర్తిగా కరెక్టు. నేను 66 ఏళ్ళవాణ్ణి, గింజ నిలువుగా తిప్పేదాకా చీమలు పగుల్లో పెట్టలేవని అప్పుడే చూశాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చిన్నపిల్లల గురించి కొన్ని సూచనలు ఇచ్చింది, మా కోడలు ఫోన్‌లో చదివి వినిపించింది. ఒకటి, రెండేళ్ళ వయసు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదలాలట. ఆడటం, నడవడం, గెంతడం, ఏదైనా సరే. నిద్ర 11 నుంచి 14 గంటలు, పగటి కునుకుతో కలిపి. రెండేళ్ళ పిల్లలకి స్క్రీన్ గంట మించకూడదు, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిది, ఏడాది పిల్లలకైతే అసలే వద్దు. మొదటి రెండూ మా ఇంట్లో ఇబ్బంది లేదు. మూడోదాని దగ్గర నేను గొప్పలు పోను. గోళ్ళు తీసేటప్పుడు ఫోన్ ఇస్తాం. ఫోన్ లేకుండా ఆ పిల్ల గోళ్ళు తీసే మొనగాడు ఎవరైనా ఉంటే మా ఇంటికి రండి, కాఫీ ఇస్తాం. అన్నం దగ్గర మాత్రం ఇవ్వం. అది మా ఆవిడ రూలు, నాది కాదు.

అన్నం దగ్గర పెద్ద టెన్షన్ మా ఆవిడకే ఉండేది. గిన్నె పట్టుకుని బాల్కనీ, హాలు, మంచం కింద, మళ్ళీ బాల్కనీ. "ఏడాది లోపు ఎంత బాగా తినేది, ఇప్పుడు నాలుగు ముద్దలకే మూతి తిప్పేస్తోంది" అని బాధ. టీకాకి తీసుకెళ్ళినప్పుడు అక్కడి డాక్టరమ్మ ఒక లెక్క చెప్పింది. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ మొదటి పుట్టినరోజుకి సుమారు 9 కిలోలవుతుంది, అంటే మూడింతలు. అదే వేగంతో పెరిగితే రెండో పుట్టినరోజుకి 27 కిలోలుండాలి కదా? ఉండదు. రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరగడం నెమ్మదించింది కాబట్టి ఆకలీ తగ్గింది. బరువు సరిగ్గా పెరుగుతూ, పిల్ల హుషారుగా ఉంటే వెంటపడి తినిపించక్కర్లేదంది. మా వీధికి దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చిన సంస్థ. దేశం మొత్తం ఏం తినాలో అక్కడ చెబుతారు. మా ఇంట్లో ఏం తినాలో చెప్పేది మాత్రం మా ఆవిడే. ఆ లెక్క విన్నాక ఆవిడ కూడా గిన్నె కింద పెట్టింది. ఇప్పుడు పాప పీట మీద కూర్చుని పప్పన్నం తనే తింటుంది. సగం నోట్లోకి, సగం జుట్టులోకి.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెబుతాను, ఇక్కడ తాతలు, నానమ్మలు చాలామంది ఉన్నారు కాబట్టి. పల్లీలు, శనగలు గింజలుగా చిన్నపిల్లల చేతికివ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. పొడి చేసి పెట్టండి. రెండోది, మనకి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అందుకని బాత్రూంలో బకెట్లు నింపి పెడతాం. నిండు బకెటే కాదు, అడుగున జానెడు నీళ్ళున్నా ఈ వయసు పిల్లలకి ప్రమాదమే. తల బరువుకి లోపలికి తూలితే పైకి లేవలేరు. బాత్రూం తలుపుకి బయట గడియ పెట్టించండి.

సరే, అసలు విషయానికొస్తాను. మొండితనం.

"మీ మనవరాలు మొండి" అని ఈ హాల్లోనే ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు. నేనూ అనుకున్నాను. పాపకి ప్రస్తుతం రెండు మాటలంటే ప్రాణం. ఒకటి "నేనే". రెండోది "నక్కో". కింది వాటాలో ఆపా ఉంటారు, ఆవిడ దగ్గర నేర్చింది. మనం వద్దు అంటాం, ఉత్తరాదివాళ్ళు నహీ అంటారు, మన హైదరాబాదీ ఉర్దూలో నక్కో. అది మరాఠీ 'నకో' నుంచి వచ్చిన మాటట. ఎక్కణ్ణించి వస్తేనేం, మా ఇంట్లో రోజుకి వంద సార్లు వినపడుతుంది. బువ్వ నక్కో. లాల నక్కో. తాత నక్కో.

రెండు నెలల కింద ప్లేస్కూల్లో వేశారు. వ్యాను పావు తక్కువ తొమ్మిదికి గల్లీ చివరకొస్తుంది. ఒకరోజు 8:38కి చెప్పుల దగ్గర కూర్చుంది. అవి టప్‌మని అంటుకునే పట్టీల చెప్పులు. కుడిది ఎడమ కాలికి పెట్టింది. తీసింది. మళ్ళీ ఎడమ కాలికే పెట్టింది. నేను చెయ్యి పెట్టబోతే "నేనే". పట్టీ లాగి అంటించింది, వంకరగా అంటుకుంది, పీకింది. నా కళ్ళు గడియారం మీదున్నాయి. 8:41కి ఇక ఆగలేక పిల్లని ఎత్తి ఒళ్ళో పడేసుకుని పది సెకన్లలో రెండు చెప్పులూ తొడిగేశాను. అంతే, చెప్పులు రెండూ విసిరేసింది. నేల మీద వెల్లకిలా పడి, ఏడ్చి ఏడ్చి తాగిన పాలన్నీ కక్కేసింది. గౌను మార్చాలి, నేల తుడవాలి, నా లుంగీ మార్చుకోవాలి. వ్యాను వెళ్ళిపోయింది. ఆటోలో దింపి వచ్చేసరికి 9:20.

నాలుగు నిమిషాలు మిగిలించబోయి 35 నిమిషాలు పోగొట్టాను. ఇదే పని ఒక డ్రైవరు చేసుంటే నేనే చీవాట్లు పెట్టేవాణ్ణి. లేటు కవర్ చేద్దామని స్టాపులో ఆపకుండా పోయిన బస్సు ఎప్పుడూ టైముకి చేరదు. తర్వాతి స్టాపులో గొడవవుతుంది, ఎవరో తలుపు దగ్గర వేలాడతారు, ఇంకా లేటవుతుంది. అందుకే చార్టు వేసేవాళ్ళు ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య కాస్త ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ లేకుండా చార్టు వేస్తే తప్పు డ్రైవరుది కాదు, చార్టుది. మా ఇంట్లో చార్టు వేసింది నేనే. పాపకి చెప్పుల కోసం అందులో ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు.

మర్నాటి నుంచి చెప్పులు 8:20కే బయటికి తీస్తున్నాం. ఎడమది కుడికి, కుడిది ఎడమకి, ఎన్నిసార్లయినా సరే. ఒక్కోరోజు తారుమారు చెప్పులతోనే వ్యానెక్కుతుంది, ఎక్కనీ. దీంతో ఏడుపులు మొత్తం పోయాయా అంటే పోలేదు. నిద్ర చాలకపోతే, దగ్గు ఉంటే, అమ్మ బయల్దేరేటప్పుడు కనపడితే ఏడుస్తుంది. కానీ నా తొందర వల్ల వచ్చే ఏడుపులు తగ్గాయి. నోటుబుక్కులో లెక్కేసి చూశాను, అవే సగం ఉండేవి.

ఇంకో సంగతి. "ఐదు నిమిషాలు ఆగు" అంటే ఈ వయసులో అర్థం కాదు. మా పాపకి గడిచిపోయిందంతా "నిన్న". పొద్దున తిన్న ఇడ్లీ నిన్న, దసరాకి ఊరెళ్ళింది కూడా నిన్నే. మా ఆవిడకి ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఆవిడ నిమిషాల్లో మాట్లాడదు. "లాల పోసుకున్నాక పార్కు. బువ్వయ్యాక బజ్జో" అంటుంది. పాప వింటుంది. నేను గడియారం చూపించి చెబితే గడియారం కావాలని ఏడుస్తుంది.

మా ఆవిడకి ఇవన్నీ ఎలా తెలుసని ఒకరోజు అడిగాను. "నీ కొడుకుని పెంచింది నేనే కదా" అంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు, వంటింట్లోకి వెళ్ళిపోయింది. మావాడు 1990లో పుట్టాడు. వాడికి రెండేళ్ళప్పుడు నేను తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీకి పోయేవాణ్ణి, వాడు నిద్రలో ఉండేవాడు. రాత్రి వచ్చేసరికి మళ్ళీ నిద్ర. నాలుగు డబ్బులొస్తాయని డబుల్ డ్యూటీలు కూడా నేనే అడిగి వేయించుకున్నాను. వాడు మొదట ఏ మాట అన్నాడో, చీమల దగ్గర ఎంతసేపు కూర్చునేవాడో నా దగ్గర లెక్క లేదు. ఊళ్ళో అన్ని బస్సుల లెక్కా రాశాను.

ఇప్పుడు వాడు రాత్రి తొమ్మిదింటికి షూస్ చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా లోపలికొస్తాడు. పాప పడుకుని ఉంటుంది. వాడూ కోడలూ అన్నం తింటూ నా నోటుబుక్కు తెరిచి ఆ రోజుది చదువుకుంటారు. కోడలు కొన్ని చోట్ల నవ్వుతుంది, కొన్ని చోట్ల పేజీ తిప్పకుండా అలాగే చూస్తూ ఉంటుంది. బుక్కులో పాత పద్ధతిలోనే గళ్ళు గీశాను. ఎన్నింటికి బయల్దేరాం, ఎన్నింటికి చేరాం, ఎంత లేటు, చివరి గడిలో లేటుకి కారణం. నా రోజుల్లో ఆ గడిలో ట్రాఫిక్ జామ్, పంక్చర్, బ్రేక్‌డౌన్ అని రాసేవాళ్ళం. ఇప్పుడు చీమలు, కుక్క, మూత, చెప్పులు.

మొన్న శనివారం మావాడికి సెలవు. పాల బూత్‌కి పాపని వాడే తీసుకెళ్తానన్నాడు. ఇంట్లో నేనూ మా ఆవిడా రెండోసారి టీ తాగాం. వాళ్ళు రాలేదు. ఫోన్ చేద్దామంటే మా ఆవిడ వద్దంది. వచ్చేసరికి గంటా పది నిమిషాలయింది, పాల ప్యాకెట్ వేడెక్కిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. సాయంత్రం బుక్కు తెరిస్తే ఆ రోజు వరస వాడి చేతిరాతలో ఉంది. బయల్దేరింది 7:05, వచ్చింది 8:15. లేటుకి కారణం గడిలో ఒక్క మాట రాశాడు: "నేనే".

అది పాప మాటో, వాడి మాటో నేను అడగలేదు.