పాశ్చర్ ఎడమ చెయ్యి

శ్రోతలకు నమస్కారం.

పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన మనిషిని చూడ్డానికి చుట్టాలు వస్తారు. బత్తాయిలు తెస్తారు, కాసేపు కూర్చుంటారు, లేచేటప్పుడు రెండు మాటల్లో ఏదో ఒకటి అంటారు. "ఇంకా ఉద్యోగం ఎందుకు బాబాయ్, పిల్లలు అందివచ్చారు, కృష్ణా రామా అనుకుంటూ కూర్చో" అనేది ఒకటి. "ఏం కాదు అన్నయ్యా, నెల తిరిగేసరికి ఎప్పట్లాగే డ్యూటీకి వెళ్లిపోతావు చూడు" అనేది రెండోది.

నేను ఫిజియోథెరపిస్టుని. మంచం పక్కన నిలబడి ఈ రెండు మాటలూ చాలాసార్లు విన్నాను. రెండూ ప్రేమతో అన్నవే. కానీ రెండూ ఆ మంచం మీది మనిషికి పెద్దగా పనికిరావు. పనంటే మొత్తం చెయ్యాలి, లేదంటే మొత్తం మానెయ్యాలి, ఇద్దరి లెక్కా ఇదే. పనిని విడదీసి చూడమని ఎవరూ చెప్పరు. ఈ పది నిమిషాల్లో నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క ముక్కే. పనిని విడదీసి చూడండి.

నాకు చాలా ఇష్టమైన కథ ఒకటుంది. లూయీ పాశ్చర్ పేరు అందరూ చదువుకున్నదే. పాల ప్యాకెట్ మీద పాశ్చరైజ్డ్ అని ఉండేది ఆయన పేరే. "కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు" అని చిన్నప్పుడు మనల్ని హడలగొట్టేవారు చూడండి, ఆ వైద్యానికి ఆద్యుడూ ఆయనే. అయితే ఆ టీకా కనిపెట్టేనాటికి చాలా ఏళ్లుగా ఆయన ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగ్గా స్వాధీనంలో లేవు. ఈ సంగతి చెప్తే మా పేషెంట్లు నా మొహం వంక అనుమానంగా చూస్తారు.

1868 అక్టోబరు 19. ఆయనకు 45 ఏళ్లు. పొద్దున్నుంచీ ఒంట్లో ఎడమ వైపు ఏదో తిమ్మిరిగా ఉంది. అయినా పారిస్‌లో సైన్స్ అకాడమీ సమావేశానికి వెళ్లి, పట్టుపురుగుల మీద ఇటలీ నుంచి వచ్చిన ఒక పత్రాన్ని చదివి వినిపించారు. ఇంటికొచ్చాక, ఆ రాత్రి ఎడమ వైపు మొత్తం పడిపోయింది.

కథ ఇక్కడ ఒక్క నిమిషం ఆపుతాను. ఒంట్లో ఒక్క వైపే ఉన్నట్టుండి తిమ్మిరెక్కినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా మీటింగులకు వెళ్లకండి. పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన స్ట్రోక్ అయితే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి గడువు మామూలుగా నాలుగున్నర గంటలే. పాశ్చర్‌కి అలాంటి మందు ఎక్కడిది? ఆనాటి వైద్యం ప్రకారం జలగలు పట్టించారు.

సరే, కథలోకి వద్దాం. చెయ్యి పోయింది, కాలు పోయింది, మాట మాత్రం నిలిచింది. బుర్ర నిలిచింది. వారం తిరిగేసరికి ఆయన మంచం మీదే పడుకుని పట్టుపురుగుల జబ్బు గురించి ఒక నోటు చెప్తుంటే, గెర్నే అనే శిష్యుడు రాసుకున్నాడు. గమనించండి, ఆలోచించడం ఆయన వంతు, రాయడం శిష్యుడి వంతు. పని అప్పుడే విడిపోవడం మొదలైంది.

ఈలోగా ఇంకో సంగతి జరిగింది. ఆయన కోసం కడుతున్న కొత్త ప్రయోగశాల పని ఆగిపోయింది. ఇక ఈయన దక్కడులే అనుకుని కాబోలు, కూలీలను రానివ్వడం మానేశారు. ఆ ఖబురు మూడో నెపోలియన్ చక్రవర్తి దాకా వెళ్లి, ఆయన కల్పించుకున్నాక గానీ గోడలు మళ్లీ లేవలేదు. మన ఆఫీసుల్లో ఇప్పుడూ అంతే కదా. మనిషి మెడికల్ లీవులో ఉండగానే కుర్చీ కిటికీ పక్కనుంచి మూలకు జరుగుతుంది, సొరుగులోకి ఇంకొకరి టిఫిన్ డబ్బా చేరుతుంది. మీ పక్క సీటాయనకు స్ట్రోక్ వస్తే దయచేసి ఆ కుర్చీని అక్కడే ఉండనివ్వండి. మా వ్యాయామాల కంటే ఒక్కోసారి అదే ఎక్కువ పనిచేస్తుంది.

మూడు నెలలకు, 1869 జనవరిలో, పాశ్చర్ దక్షిణ ఫ్రాన్స్‌లోని అలెస్ ప్రాంతానికి బయల్దేరారు. కాలు ఈడ్చుకుంటూనే. అక్కడ పెబ్రిన్ అనే జబ్బు పట్టుపురుగులను ఊడ్చేస్తోంది, రైతులు అప్పుల్లో ఉన్నారు. ఆయన పద్ధతి వినడానికి సులువు. గుడ్లు పెట్టిన తల్లి పురుగును నీళ్లతో నూరి, ఆ చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టాలి. కోలగా, మెరుస్తూ పెబ్రిన్ రేణువులు కనపడ్డాయా, ఆ గుడ్లు కాల్చెయ్యాలి. కనపడలేదా, ఆ గుడ్లు ఉంచుకోవాలి.

ఇప్పుడు ఆ పనిని విడదీసి చూడండి. పురుగులకు మల్బరీ ఆకు వెయ్యాలి. తట్టలు మార్చాలి. గూళ్లు ఏరాలి. తల్లి పురుగులను నూరాలి. లెక్కలు రాయాలి. వీటికి చేతులు కావాలి. ఆ చేతులు శిష్యులవి, భార్య మరీవి, కూతురివి. ఏ ప్రయోగం చెయ్యాలి, ఏ ఫలితాన్ని నమ్మాలి, ఏది మళ్లీ మొదటికి తేవాలి, రైతుకి ఏం చెప్పాలి, ఇదంతా ఆయనది. 1870లో పట్టుపురుగుల జబ్బుల మీద ఆయన పుస్తకం రెండు సంపుటాలుగా వచ్చింది. మన హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులు వింటుంటే వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గుడ్లు తయారుచేసే కేంద్రాల్లో తల్లి పురుగును నూరి పెబ్రిన్ ఉందా అని చూడటం నేటికీ ఉంది.

మనం స్కూల్లో చదివిన టీకాల పనులన్నీ ఆ తర్వాతివే. 1881లో గొర్రెలకు ఆంత్రాక్స్ టీకా. 1885లో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లాడికి టీకా. ఆ పిల్లాడికి సూది వేసింది కూడా పాశ్చర్ కాదు, గ్రాంషే అనే డాక్టరు. పాశ్చర్‌కి వైద్యుడిగా పట్టా లేదు. ఇక్కడా చేతులు వేరేవాళ్లవే.

"అమ్మా, ఆయనకు చక్రవర్తి ఉన్నాడు, శిష్యులున్నారు, మాకెవరున్నారు?" అని మీరు అడుగుతారు. అడగాల్సిన మాటే. అందుకని మా దగ్గరికి వచ్చిన ఒక టైలరు సంగతి చెప్తాను.

ఆయనకూ ఎడమ వైపే. నడక వచ్చింది, ఎడమ చేతి పట్టు రాలేదు. "కత్తెర పట్టేది కుడి చెయ్యే మేడమ్, కానీ గుడ్డ కదలకుండా పట్టేది ఎడమ చెయ్యి కదా" అన్నాడు. ఇద్దరం కూర్చుని ఆయన పనంతా వరసగా చెప్పుకున్నాం. కొలతలు, మార్కింగు, కటింగు, మెషీను, హెమ్మింగు, కాజాలు, ఇస్త్రీ. కొలతలకు టేపు రెండో కొస పట్టుకోవడానికి ఆయన భార్య వస్తానంది. కాజాలు ఎప్పటినుంచో బయటికే ఇస్తున్నాడు. కటింగుకి ఉపాయం ఆయనే కనిపెట్టాడు. చల్లారిన ఇస్త్రీ పెట్టెను గుడ్డ మీద బరువుగా పెట్టి, కొంత కత్తిరించి, పెట్టెను ముందుకు జరిపి, మళ్లీ కత్తిరించడం. సూదిని దిండుకు గుచ్చి నిలబెట్టి, కుడి చేత్తోనే దారం ఎక్కిస్తాడు. కాలి మెషీనుకి మోటారు పెట్టించాడు. లైనింగు జాకెట్లు మాత్రం వదిలేసుకున్నాడు. ఇప్పుడు ఫాల్స్, లంగాలు, దిండు గలీబులు, ప్యాంటు ఆల్టరేషన్లు. రాబడి తగ్గింది, అది దాచాల్సిన పనిలేదు. కానీ పొద్దున తొమ్మిదింటికి షాపు షట్టరు లేస్తోంది.

కంటికి కనపడనిది ఇంకొకటుంది. అలసట. స్ట్రోక్ తర్వాత వచ్చే అలసట మామూలు అలసట కాదు, నిద్రపోతే పోయేదీ కాదు. చెయ్యి లేస్తోంది, మాట స్పష్టంగా ఉంది, చూసేవాళ్లు "బాగానే ఉన్నావుగా" అంటారు. మధ్యాహ్నం రెండింటికి మనిషి కూలబడిపోతాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బుర్ర తిరుగుతుంది. ఊరికే చిరాకు, ఊరికే ఏడుపు. ఇది బద్ధకం కాదు, నటన కాదు. గాయపడిన మెదడు ప్రతి చిన్న పనికీ ఎక్కువ కష్టపడుతోంది. ఆ దిగులు వారాల తరబడి పోకపోతే డాక్టరుకు చెప్పండి, దానికీ మందులున్నాయి. మీరు మానకూడని మందులు వేరే ఉన్నాయి, బీపీవి, షుగర్‌వి, రక్తం పలచబడటానికి ఇచ్చినవి. డ్యూటీలో చేరిన హడావుడిలో జనం ముందుగా మర్చిపోయేది ఆ మాత్రలే.

చట్టం గురించి క్లుప్తంగా. ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవారు దివ్యాంగుల హక్కుల చట్టం, 2016, సెక్షన్ 20 అని రాసిపెట్టుకోండి. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చెయ్యలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే, దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా, అదనపు పోస్టు కల్పించి ఉంచాలి. ప్రైవేటులో ఇంత గట్టి రక్షణ లేదు. అయితే జీతంలో ఈఎస్ఐ కట్ అవుతున్నవాళ్లకు, మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ 91 రోజులు అయిపోయాక కూడా దారి ఉంది. ఒళ్లు ఒక వైపు పడిపోవడం దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది కాబట్టి, సర్వీసు, చందా షరతులు సరిపోతే, వేతనంలో 80 శాతం లెక్కన మరికొంత కాలం భృతి వస్తుంది. లీవు అయిపోయిందని కంగారుపడి రాజీనామా రాసిచ్చేవాళ్లను చూశాను. ఈఎస్ఐ డిస్పెన్సరీలో అడక్కుండా దయచేసి ఆ సంతకం పెట్టకండి.

ఇక మీరు చెయ్యాల్సింది. మళ్లీ పనిలో చేరే ముందు, ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక తెల్లకాగితం తీసుకోండి. పొద్దున గుమ్మం దాటిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా మీరు చేసే పనులన్నీ ఒక్కొక్కటిగా రాయండి. బస్సెక్కడం రాయండి. మెట్లు రాయండి. ఫోన్‌లో మాట్లాడటం, క్యాష్ లెక్కపెట్టడం, సంతకం పెట్టడం, బాత్‌రూమ్‌కి వెళ్లడం, అన్నీ. ఒక్కోదాని పక్కన ఇప్పుడు చెయ్యగలను, సాయముంటే చెయ్యగలను, ఇప్పట్లో వద్దు, ఈ మూడింట్లో ఒకటి రాయండి. వంట కూడా పనే, ఇంట్లో ఉండే ఆడవాళ్లూ ఈ కాగితం రాయాలి. తర్వాత దాన్ని మీ న్యూరాలజిస్టుకో, ఫిజియోథెరపిస్టుకో చూపించండి. ఉత్త ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడగొద్దు. మొదటి నెల రోజుకు ఎన్ని గంటలు, మధ్యలో ఎంత విశ్రాంతి, రాత్రి డ్యూటీ ఉండాలా వద్దా, ఏ పనులు వద్దు, ఇవన్నీ అందులో రాయించుకోండి. వాహనం నడపొచ్చో లేదో విడిగా అడగండి.

ఆ సర్టిఫికెట్, మీ కాగితం కలిపి ఆఫీసులో ఇవ్వండి. ఇచ్చేటప్పుడు జిరాక్సు ఒకటి మీ దగ్గర ఉంచుకుని, దాని మీద అందినట్టు తేదీతో సంతకం, స్టాంపు వేయించుకోండి. నమస్కారం.