తెల్ల బండి ఎక్కొద్దు

(జర్మనీకి చదువుకోవడానికి వెళ్తున్న విద్యార్థుల కోసం హనుమకొండలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం జర్మనీలో తక్కువ ఖర్చుతో బస్సులు, రైళ్లు ఎక్కడం. వీసా గురించి మాట్లాడి ఉంటే హాలు నిండేది. బస్సుల గురించి అనేసరికి సగమే నిండింది. పర్లేదు, రాని సగం మంది సెప్టెంబరులో నాకు ఫోన్ చేస్తారు.

పొద్దున ఉప్పల్‌లో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. పైసా తీసుకోని ప్రయాణానికి కూడా ఒక మనిషి నా దగ్గరికి వచ్చి, అడిగి, కాగితం ఇచ్చి వెళ్లాడు. జర్మనీలో ఆ మనిషి ఉండడు. ట్రామ్‌లో కండక్టర్ లేడు. స్టేషన్లో మన మెట్రోలాగా కార్డు పెడితే తెరుచుకునే గేటు లేదు. నేరుగా ప్లాట్‌ఫాం మీదికి వెళ్లి, బండి తలుపు పక్కన బటన్ నొక్కి ఎక్కేయొచ్చు. వారం రోజులు ఎవ్వరూ అడగకపోవచ్చు కూడా. అడగట్లేదు కదా అనుకుంటాం చూడండి, అక్కడే దొరికిపోతాం.

నేను అలా అనుకోలేదు, అయినా దొరికిపోయాను. 2024 సెప్టెంబరు, ఆ దేశంలో దిగి మూడో రోజు. ట్రామ్ స్టాపులో మెషీన్‌తో కుస్తీ పట్టి టికెట్ కొన్నాను. చిన్న కాగితం, ఒక చివర ఖాళీ గీత. దాన్ని పర్సులో భద్రంగా పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. రెండు స్టాపులు దాటాక, జీన్స్ వేసుకుని మామూలు ప్రయాణికుల్లా ఉన్న ఇద్దరు లేచి మెడలో కార్డులు బయటికి తీశారు. నేను ధీమాగా టికెట్ ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఆ ఖాళీ గీత మీద వేలు పెట్టి, తలుపు పక్కనున్న చిన్న డబ్బా వైపు చూపించాడు. టికెట్ కొంటే చాలదట, ఎక్కగానే ఆ డబ్బాలో దూర్చి ముద్ర కొట్టించుకోవాలట. అప్పటిదాకా అది ఉత్త కాగితమే. జరిమానా 60 యూరోలు. మన లెక్కలో ఐదున్నర వేలు! నేను కొత్తదాన్నని, మూడు రోజులే అయిందని ఇంగ్లిషులో చెప్పుకున్నాను. ఆయన మర్యాదగానే విన్నాడు, మర్యాదగానే రసీదు రాశాడు.

అందుకని మెషీన్ దగ్గర కాగితం టికెట్ కొంటే ముందు ముద్ర ఉందో లేదో చూసుకోండి. కొన్ని ఊళ్లలో ముద్రతోనే వస్తుంది, కొన్ని చోట్ల రాదు. ఇక కావాలనే టికెట్ లేకుండా తిరిగేవాళ్ల సంగతి. మన పిల్లల్లోనూ ఉన్నారు, దాచడం దేనికి? నెలకు ఒకసారి దొరికినా లాభమేనని లెక్కలు చెబుతారు. అక్కడ అది శిక్షాస్మృతి కింద నేరం, 265ఎ సెక్షన్. వీసా పొడిగింపుకు వెళ్లాల్సిన మనిషి పోలీసు కేసుతో ఆడుకోవడం ఏం తెలివి?

సరే, అసలు టికెట్ విషయానికి వద్దాం. 2023 మే 1 నుంచి ఆ దేశంలో డాయిచ్‌లాండ్ టికెట్ అని ఒకటి ఉంది. అంతకు ముందు ఏడాది వేసవిలో మూడు నెలల పాటు నెలకు 9 యూరోల టికెట్ ఒకటి పెట్టారు. జనం ఎగబడి కొన్నారు, దాని తర్వాత వచ్చిందే ఇది. మొదట నెలకు 49 యూరోలు, 2025లో 58, ఇప్పుడు 2026 జనవరి నుంచి 63. ఇదొక్కటి ఉంటే దేశమంతటా సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలు, లోకల్ రైళ్లు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. చాలా యూనివర్సిటీల్లో ఇదే టికెట్ విద్యార్థులకు 60 శాతం ధరకే వస్తుంది. అంటే ఇప్పటి రేటు ప్రకారం నెలకు 37 యూరోల 80 సెంట్లు. దాన్ని మీరు విడిగా కొనరు. ప్రతి సెమిస్టర్ మొదట్లో కట్టే ఫీజులోనే ఆరు నెలల సొమ్ము కలిసి ఉంటుంది, దీన్నే సెమిస్టర్ టికెట్ అంటారు. కొందరు ఆ రసీదు సరిగ్గా చూడక, సెమిస్టర్ టికెట్ ఉండగానే ఊళ్లో ఇంకో పాస్ కొంటారు. ఈ ఏర్పాటు అన్ని యూనివర్సిటీల్లోనూ లేదు. మీ అడ్మిషన్ లెటర్ వచ్చాక ఫీజు వివరాల్లో ఆ లైను ఉందో లేదో వెతకండి.

నన్ను అడిగితే అక్కడ టికెట్ ధర కంటే తారీఖులే ఎక్కువ డబ్బు తింటాయి. నాదే చెబుతాను. జరిమానా పడ్డాక భయమేసి సెప్టెంబరు 14న డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకున్నాను. నెల రోజులకని నా ఉద్దేశం. కానీ అది ఓటీటీ చందా లాంటిది, ఆపమనేదాకా ఆగదు. ఆపాలంటే నెలలో 10వ తారీఖు లోపల చెప్పాలి. చెబితే ఆ నెలాఖరుకు ఆగుతుంది. 14న కొన్నదాన్ని 10కి ఎలా ఆపుతాను? అక్టోబరు సొమ్ము కూడా కోసుకున్నారు. అక్టోబరు 1 నుంచి నా సెమిస్టర్ టికెట్ మొదలైంది. ఆ నెలంతా ఫోనులో రెండు టికెట్లు, ఎక్కే మనిషిని ఒక్కదాన్నే.

మీరు నెల మొదట్లో దిగితే, కొని 10 లోపలే రద్దు నొక్కేయండి. రద్దు చేసినా నెలాఖరు దాకా పనిచేస్తుంది. 20కో 25కో దిగితే దాని జోలికే పోవద్దు, రోజు టికెట్లతోనో వారం పాస్‌తోనో నెట్టుకురండి. మీ సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుందో, కొన్ని కాలేజీల్లోలా సెప్టెంబరులోనేనో కూడా చూసుకోండి. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు మన చేతికొచ్చేది 992 యూరోలు, అద్దె కట్టాక మిగిలేది మీరే ఊహించుకోండి.

అద్దె అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. అందరూ కాలేజీ పక్కనే గది కావాలని పోటీ పడతారు. టికెట్ ఎలాగూ చేతిలో ఉంది, రైలు దారిలో అరగంట దూరంలో ఉన్న చిన్న ఊరు చూడండి, చాలాచోట్ల అద్దె తేడా తెలుస్తుంది. అయితే గది చూడ్డానికి వెళ్లే ముందు ఆ ఊరికి రాత్రి ఆఖరి రైలు ఎన్నింటికో, ఆదివారం ఎన్ని ఉన్నాయో చూడాలి. నా రూమ్మేట్ ఒకమ్మాయి రెస్టారెంటులో పనిచేసేది. పని పన్నెండుకు అయ్యేది, ఆఖరి రైలు పదకొండున్నరకు. జనవరి చలిలో స్టేషన్ బెంచీ మీద నాలుగున్నర దాకా కూర్చున్న రోజులు ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇక తెల్ల బండి. ఐసీఈ, ఐసీ అని రాసి ఉండే తెల్లటి దూరప్రయాణపు రైళ్లలో మన టికెట్ చెల్లదు. ఆకుపచ్చ ఫ్లిక్స్ బస్సుల్లోనూ అంతే. ఎర్ర బండి మనది, తెల్ల బండి వాళ్లది అని సీనియర్లు నేర్పిస్తారు. గుర్తుకు బాగుంటుంది కానీ ప్రైవేటు కంపెనీల లోకల్ రైళ్లు రకరకాల రంగుల్లో ఉంటాయి. కాబట్టి అక్షరాలు చూడండి: ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్ అని ఉంటే అది మన టికెట్ చెల్లే లోకల్ రైలు. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో దిగితే అక్కడ రెండు రైల్వే స్టేషన్లున్నాయి. తెల్ల బండ్లది వేరు, లోకల్ రైళ్లది టెర్మినల్ 1 కింద వేరు. ఎస్8, ఎస్9 రైళ్లు కింది స్టేషన్ నుంచే ఊళ్లోకి వెళ్తాయి. 

లోకల్ రైళ్లలోనే దేశం చుట్టేయొచ్చు, ఓపికుంటే. తెల్ల బండి నాలుగు గంటల్లో తీసుకెళ్లే ఫ్రాంక్‌ఫర్ట్-బెర్లిన్ దూరం వీటిలో ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది, నాలుగైదు చోట్ల మారాలి. మేం నలుగురం పులిహోర డబ్బాతో బయల్దేరాం. రెండో స్టేషన్లో బండి మారడానికి ఆరు నిమిషాలుంది. మా బండి ఎనిమిది నిమిషాలు లేటు. తర్వాతి రైలు గంటకు. పులిహోర అక్కడే అయిపోయింది. ఇంకోసారైతే పట్టాల పని వల్ల రైలు రద్దయి, దాని బదులు బస్సు పెట్టారు. ఆ బస్సుకు ఎస్‌ఈవీ అని మూడక్షరాల బోర్డుంటుంది, స్టేషన్ బయట ఎక్కడో ఆగుతుంది. మన టికెట్ దానికీ చెల్లుతుంది, అది ఎక్కడ ఆగుతుందో వెతుక్కోవడమే పెద్ద పని. పరీక్ష ఉన్న రోజు మాత్రం ఇంత బిగువు లెక్కలు పెట్టుకోకండి, ఒక బండి ముందే బయల్దేరండి. తెల్ల బండి తప్పదనుకుంటే నెల ముందే బుక్ చేసుకోండి, ముందుగా తీసుకున్నవాళ్లకు చవక టికెట్లు దొరుకుతాయి. కానీ అవి ఆ ఒక్క రైలుకే. మీ తప్పు వల్ల అది పోతే టికెట్టూ పోయినట్టే.

టికెట్ ఫోనులోనే ఉంటుంది కాబట్టి చార్జింగ్ చూసుకోండి. స్క్రీన్‌షాట్ చూపిస్తే ఒప్పుకోరు. పేరు సరిపోల్చడానికి ఫోటో ఉన్న కార్డు ఒకటి వెంట ఉండాలి. చార్జింగ్ అయిపోయి దొరికితే కంగారు పడకండి, రసీదు తీసుకుని గడువు లోపల ఆఫీసులో మీ టికెట్ చూపిస్తే చాలాచోట్ల 60 బదులు 7 యూరోలతో వదిలేస్తారు. మీ టికెట్ మీ పేరు మీదే ఉండాలి, ఫ్రెండ్ ఫోను తీసుకెళ్లడం కుదరదు.

ఇప్పుడు మీరు అడగండి. వెనక వరసలో నీలం చొక్కా తమ్ముడు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నాడు. సెప్టెంబరు ఎన్నో తారీఖున దిగుతున్నావో ముందు అది చెప్పు.