మూసిన్ గురించి అనుకున్నాం, చేతుల దగ్గరే ఆగిపోయాం

అక్క: నమస్కారం. ఇవాళ రష్యన్ కండక్టర్ ఇల్యా మూసిన్. బస్సు కండక్టర్ కాదు, చేతులాడిస్తూ ఆర్కెస్ట్రాని నడిపించేవాడు. మధ్యలో కుక్కర్ కూస్తే ఏమనుకోకండి.

తమ్ముడు: అది మన మూడో సభ్యుడు కదక్కా. కూయకపోతేనే మెయిల్స్ వస్తాయి.

అక్క: గబగబా చెప్పేస్తా. ఊరు కొస్ట్రోమా. 1919లో పెట్రోగ్రాడ్ కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, పియానోకి చేరాడు. తర్వాత నికొలాయ్ మల్కో దగ్గర కండక్టింగ్. 1932 నుంచి అక్కడే పాఠాలు చెప్పాడు...

తమ్ముడు: ఆగాగు. పాఠం కోసం రోజూ ఆర్కెస్ట్రా మొత్తాన్ని క్లాసులోకి తోలుకొస్తారా?

అక్క: రెండు పియానోలుంటాయిరా. ఇద్దరు వాయిస్తుంటే విద్యార్థి ఎదురుగా నిలబడి చెయ్యి ఆడించాలి.

తమ్ముడు: వాళ్ళు కాగితం చూసి వాయించేస్తారు. వీడి చెయ్యి గాల్లో దండగ.

అక్క: మొదలైంది.

తమ్ముడు: చప్పుడు చెయ్యని మనిషికి జీతమెందుకో ఒక్కరూ చెప్పరు!

అక్క: ఇటు చూడు. చెయ్యి లేపుతున్నా. నేను దించగానే బల్ల మీద కొట్టు.

(టప్)

అక్క: ఇప్పుడు మళ్ళీ.

(ధన్!)

అక్క: రెండోసారి ఎందుకంత గట్టిగా కొట్టావు?

తమ్ముడు: నువ్వు అలా లేపావు మరి... ఛ.

అక్క: దాన్నే అవుఫ్‌టాక్ట్ అంటారు. దెబ్బకి ముందు తీసుకునే ఊపిరి. ఎంత వేగం, ఎంత బలం అన్నది అక్కడే తెలిసిపోవాలి. మూసిన్ క్లాసులో కుస్తీ అంతా దాంతోనే. 1967లో పుస్తకమే రాశాడు. తెమిర్కానోవ్, గెర్గియెవ్, బిచ్కోవ్ అని పేరున్న కండక్టర్లు, ముగ్గురూ ఆ క్లాసులోంచి వచ్చినవాళ్ళే.

తమ్ముడు: మరి ఆయనకి పెద్ద ఆర్కెస్ట్రా ఏది?

అక్క: మిన్స్క్‌లో 1937 నుంచి 41 దాకా. అంతకుముందు లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మనిక్ ఆర్కెస్ట్రాలో సహాయకుడు. పెట్రోగ్రాడ్‌కే తర్వాతి పేరు లెనిన్‌గ్రాడ్. 1938లో ఆ ఆర్కెస్ట్రా ప్రధాన కండక్టర్ కుర్చీలో మ్రవిన్‌స్కీ కూర్చున్నాడు. 1988లో పోయేదాకా లేవలేదు.

తమ్ముడు: యాభై ఏళ్ళా! ఈయన ఆ వీధిలోంచి ఎలా నడిచాడక్కా?

అక్క: ...యుద్ధంలో కన్సర్వేటరీని తాష్కెంట్‌కి తరలించారు. హిట్లర్ సేనల దాడి మొదలై సరిగ్గా ఏడాది, 1942 జూన్ 22. ఆ రోజు తాష్కెంట్‌లో మూసిన్, స్వరకర్త షొస్టకోవిచ్ లెనిన్‌గ్రాడ్‌కి అంకితమిచ్చిన ఏడో సింఫనీ చేయించాడు. లెనిన్‌గ్రాడ్ ఇంకా ముట్టడిలోనే ఉంది. ఆ ఊళ్ళో అది వినిపించింది ఆగస్టు 9న.

తమ్ముడు: ...

అక్క: ఏంట్రా, జీతం అడగవా?

తమ్ముడు: ఇవాళ వద్దులే.

అక్క: లండన్‌లో తొలి కచేరీ 1996లో. అప్పటికి 92 ఏళ్ళు.

తమ్ముడు: దానికిచ్చారా మరి?

(విజిల్)

అక్క: ఇది మూడోదా, నాలుగోదా?

తమ్ముడు: నువ్వు చెయ్యి లేపినప్పుడే లెక్క తప్పాను.