మొదటి కుట్టుమిషన్ కొనే ముందు

శ్రోతలకు నమస్కారం.

కుట్టు కొత్తగా నేర్చుకుంటున్నారు, చేతిలో ఎనిమిది పది వేలకు మించి లేవు. ఏ మిషన్ కొనాలి? జాకెట్లు, లంగాలు, దిండు గలేబులు, పిల్లల గౌన్లు, చిరుగులు కుట్టుకోవడం... పని ఇంతవరకే అయితే ఇనప స్టాండు మీద తొక్కే నల్ల మిషనే కొనండి. అది వేసేది ఒక్క తిన్నని కుట్టు. జాకెట్టుకు కావలసిందీ అదే. కొసల దారాలు ఊడకుండా వేసే పీకో ఎలాగూ బయట చేయించుకుంటాం. ఇరవై రకాల కుట్లున్న తెల్ల మిషన్ కొన్నా, అందులో తరచూ వాడేవి రెండో మూడో. టీషర్టులు, లెగ్గింగుల్లాంటి సాగే బట్టలు కుట్టాలనుకుంటే మాత్రం జిగ్‌జాగ్, అంటే అటూ ఇటూ వంకరగా పడే కుట్టు, ఉండాల్సిందే. తిన్నని కుట్టు వేస్తే గుడ్డ సాగుతుంది, దారం సాగదు, టప్పున తెగుతుంది.

స్టాప్లర్‌లా చేత్తో నొక్కే బుల్లి మిషన్ల జోలికి మాత్రం పోకండి. అవి ఒంటి దారంతో గొలుసుకుట్టు వేస్తాయి. చివర ముడి వెయ్యకుండా కొస పట్టి లాగారా, కుట్టంతా సర్రున ఊడివస్తుంది.

కొట్టుకు వెళ్ళేటప్పుడు మీ దారం రీలు, మీరు కుట్టబోయే రకం గుడ్డపీలికలు పట్టుకెళ్ళండి. గంజి పెట్టిన బిరుసు గుడ్డ మీద కుట్టి చూపిస్తే మిషన్ లోపం బయటపడదు. ముందుగా మిషన్ కుడిపక్కనున్న చేతిచక్రాన్ని మీవైపుకి చేత్తో ఒక చుట్టు నిదానంగా తిప్పండి. ఎక్కడా పట్టెయ్యకూడదు. తర్వాత పల్చటి వాయిలు రెండు మడతలు కుట్టండి. ఆపైన లైనింగు జాకెట్టుకు చంక దగ్గర నాలుగు కుట్లు కలిసే చోటు ఎంత మందంగా ఉంటుందో, అన్ని మడతలు పెట్టి కుట్టండి. మడత ఎక్కేటప్పుడు కుట్టు చిన్నదైపోతోందా, మధ్యలో కుట్టు తప్పుతోందా చూడండి.

గుడ్డ తిరగేసి అడుగు కూడా చూడాలి. అడుగున దారం ఉచ్చుల్లా వేలాడితే అందరూ అడుగుదారం చుట్టే బాబిన్‌ని తిడతారు, తప్పు చాలాసార్లు పైదారానిది. గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ రేకుల మధ్యకు దిగదు. పాదం పైకెత్తి మళ్ళీ ఎక్కించండి. ఇక బాబిన్ సంగతి: బాబిన్ కూర్చునే కేసును దాని దారంతోనే పట్టుకుని వేలాడదీసి, చిన్నగా ఒక్క కుదుపు ఇవ్వండి. ఒకటి రెండు అంగుళాలు జారి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. దానంతటదే కిందికి జారిపోతుంటే వదులు, కదలకపోతే బిగువు. కేసు మీది స్క్రూను పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పొద్దు.

సెకండ్‌హ్యాండ్ అయితే ఇంకాస్త చూడాలి. సూది బిగించే కడ్డీని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. లొడలొడలాడితే అరిగిపోయిందన్నమాట, వదిలెయ్యండి. సూది దిగే రేకు కన్నం అంచున గాట్లుంటే దారం తెగుతూనే ఉంటుంది, అయితే ఆ రేకు మార్చుకోవచ్చు. నల్ల మిషన్‌కున్న సుఖం ఇదే. లూథియానాలో తయారయ్యే విడిభాగాలు మన చిన్న పట్నాల కొట్లలోనూ దొరుకుతాయి. పైగా తొక్కలేనివాళ్ళు ఎప్పుడైనా మోటారు పెట్టించుకోవచ్చు.

ఉన్నదంతా మిషన్‌కే పెట్టెయ్యకండి. మంచి కత్తెర, అరడజను బాబిన్లు, సూదులు, నూనె కొనాలి. పల్చటి గుడ్డకు 11 నంబరు సూది, మామూలు నూలు జాకెట్టుకు 14, జీన్సులాంటి మందపు గుడ్డకు 16. సూది పూర్తిగా పైదాకా తోసి బిగించకపోతే కుట్లు తప్పుతాయి. కొబ్బరినూనె పొయ్యడం మన ఇళ్ళల్లో మామూలే. కొన్నాళ్ళకి అది జిగటగా పేరుకుని మిషన్ బిగుసుకుపోతుంది. మిషన్ నూనే వాడండి, నూనె పోసే ఒక్కో కన్నానికి రెండు చుక్కలు చాలు.

ఇంటికి తెచ్చాక దారం వెంటనే ఎక్కించకండి. కొత్తలో కాలు తడబడి చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం ఉంటే అడుగున చిక్కుపడుతుంది. గీతల నోటుపుస్తకం కాగితం ఒకటి పాదం కింద పెట్టి, వట్టి సూదితో గీత వెంబడి తొక్కండి. కన్నాలన్నీ గీత మీదే పడేదాకా అదే పని. ఆ సూదిని మాత్రం గుడ్డకు వాడొద్దు, కాగితం మీద దాని మొన మొద్దుబారిపోతుంది.