హైదరాబాద్ డాబా మీద నుంచి సీబీ రేడియో ఎంత దూరం పోతుంది?

నమస్తే అండీ. ఈ మధ్య నన్ను ఎక్కువ మంది అడుగుతున్నది ఒకటే. "ఇంట్లో సీబీ రేడియో పెట్టాను, పక్క కాలనీ దాటట్లేదు. విజయవాడలో మా బావతో మాట్లాడాలంటే ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ కొనాలి?" ఈ వీడియో అంతా దానికి జవాబే. ముందే చెప్పేస్తున్నాను, యాంప్లిఫయర్ కొనకండి. చట్టం ఒప్పుకోదు అన్నది ఒక కారణం. కొన్నా విజయవాడ అందదు అన్నది అసలు కారణం.

సీబీ అంటే సిటిజన్ బ్యాండ్. అమెరికాలో 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర మామూలు జనం కోసం తెరిచారు. 1977 నుంచి 40 ఛానళ్లు అయ్యాయి. మన దేశంలో 2005 ఆగస్టులో వచ్చిన జీఎస్ఆర్ 533(ఈ) నోటిఫికేషన్ ప్రకారం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్స్ అక్కర్లేదు. కానీ యాంటెన్నా నుంచి బయటికి వెళ్లే పవర్, అంటే ఈఆర్‌పీ, 5 వాట్లు దాటకూడదు. ఎవరికీ అంతరాయం కలిగించకూడదు, మనకు అంతరాయం వస్తే రక్షణ అడగకూడదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బయటి నుంచి వచ్చే 40 ఛానళ్ల సెట్‌లో 28వ ఛానల్ 27.285 దగ్గర ఉంటుంది. మన హద్దు 27.283. అంటే మనకు పనికొచ్చేవి 1 నుంచి 27 వరకే. విదేశీ వీడియోల్లో గొప్పగా చెప్పే 38వ ఛానల్ గానీ, 27.555 గానీ మనవి కావు. సెట్ కొనేటప్పుడు దానికి ఈటీఏ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్‌కు ప్రభుత్వం ఇచ్చే ఆమోదం, ఉందో లేదో తప్పకుండా అడగండి. అనుమతి లేని వాకీటాకీలు అమ్ముతున్నారని 2025లో ఆన్‌లైన్ అమ్మకందారులకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసులు కూడా ఇచ్చింది. ఇంకో మాట. ఆ 2005 నోటిఫికేషన్‌ను యాంటెన్నా షరతులతో సహా పూర్తిగా చదివాకే డాబా మీద యాంటెన్నాతో ట్రాన్స్‌మిట్ చెయ్యండి.

ఇప్పుడు విజయవాడ సంగతి. 27 మెగాహెర్ట్జ్ తరంగం రెండు దారుల్లో ప్రయాణిస్తుంది. మొదటిది నేల మీదుగా, దాదాపు చూపు మేర. దీనికో చిన్న లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 10 మీటర్ల ఎత్తుకు 13 కిలోమీటర్లు. అవతల కూడా 10 మీటర్లే ఉంటే మొత్తం 26. అదే ఐదంతస్తుల బిల్డింగ్ మీద 20 మీటర్లు దొరికితే ఒక్క మీ వైపే 18 దాటుతుంది. మౌలాలి వైపు గుట్ట మీద ఇల్లు ఉన్నవాళ్లకు ఇంకా లాభం. అంటే ఊళ్లో పరిధి నిర్ణయించేది ఎత్తు.

రెండో దారి ఆకాశం. సూర్యుడి వల్ల పై వాతావరణంలో విద్యుదావేశం నిండిన పొరలు తయారవుతాయి. అన్నిటికంటే పైనున్నది ఎఫ్-2 పొర. దాన్ని తాకి వంగిన తరంగం తిరిగి నేలకు దిగేది సాధారణంగా పదిహేను వందల కిలోమీటర్ల అవతల. ఒక్క గెంతులో మూడు, నాలుగు వేలు కూడా పోతుంది. ఆ మధ్యలో ఉన్నవాళ్లకు ఏమీ వినపడదు. నేల మీది తరంగం అంత దూరం రాదు, ఆకాశం నుంచి వచ్చేది వాళ్ల తల మీదుగా దాటిపోతుంది. దీన్నే స్కిప్ జోన్ అంటారు.

గాల్లో కొలిస్తే హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 250 కిలోమీటర్లు. సరిగ్గా ఆ మూగ ప్రాంతం మధ్యలో ఉంది. మీ సిగ్నల్ మూడు వేల కిలోమీటర్ల పైన ఉన్న సింగపూర్‌లో గంట కొట్టినట్టు వినిపించే రోజున కూడా విజయవాడలో మీ బావగారికి గరగర తప్ప ఏమీ రాదు. వెయ్యి వాట్లు పెట్టినా అంతే. ఇది వాట్లతో తీరే సమస్య కాదు.

పోనీ, వాట్లు పెంచితే దూరం వాళ్లకైనా లాభం ఉందా? సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్‌లో ఒక్క యూనిట్ పెరగాలంటే పవర్ నాలుగు రెట్లు కావాలి. 5 వాట్లను 20 చేస్తే ఒక యూనిట్, 80 చేస్తే రెండు, 320 చేస్తే మూడు. అంతే!

నమ్మకం కుదరకపోతే 27కి పక్కనే ఉన్న 28.200 మెగాహెర్ట్జ్ వినండి. రిసీవర్ లేకపోతే ఇంటర్నెట్‌లో ఉచితంగా వినే ఎస్‌డీఆర్ రిసీవర్లు చాలా ఉన్నాయి. ప్రపంచం చుట్టూ 18 బీకన్ స్టేషన్లు, అంటే పరీక్ష కోసమే సిగ్నల్ పంపే స్టేషన్లు, అక్కడ వంతులవారీగా పలుకుతాయి. ఒక్కోదానికి 10 సెకన్లు, మూడు నిమిషాలకు ఒక చుట్టు. మన పక్కన శ్రీలంకలో 4ఎస్7బీ ఉంది, హాంకాంగ్‌లో వీఆర్2బీ ఉంది. ప్రతి స్టేషన్ తన పేరు మోర్స్‌లో 100 వాట్లతో చెప్పి, తర్వాత నాలుగు పొడవాటి గీతలు పంపుతుంది. మొదటిది 100 వాట్లు, రెండోది 10, మూడోది 1, నాలుగోది వాటులో పదో వంతు. బ్యాండ్ తెరుచుకున్న రోజున, అంటే ఆకాశం దారి పనిచేసే రోజున, మూడో గీత చెవిన పడుతుంది. ఒక్క వాటు! అది సముద్రాలు దాటి వస్తుంటే విన్నప్పుడు కలిగే ఆనందం వేరు. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మరి బ్యాండ్ ఎప్పుడు తెరుచుకుంటుంది? సూర్యుడి చేతిలో ఉంది. ఇప్పుడు నడుస్తున్నది 25వ సౌరచక్రం. సూర్యుడు గరిష్ఠ దశకు చేరాడని నాసా, నోవా సంస్థలు 2024 అక్టోబర్‌లో ప్రకటించాయి. చక్రం సుమారు 11 ఏళ్లు కాబట్టి ఇక మెల్లగా తగ్గుతూ పోతుంది. ఆలస్యం చేస్తే మళ్లీ ఏళ్ల తరబడి ఆగాలి. సూర్యుడి చురుకుదనాన్ని చెప్పే సోలార్ ఫ్లక్స్ అనే కొలత 120 దాటిన రోజున ఉదయం తూర్పు దేశాలు, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పడమటి దేశాలు వెతకండి. మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ నెలలు మరీ మంచివి.

ఈ విషయంలో మనకు ఒక వరం ఉంది. భూఅయస్కాంత మధ్యరేఖ కేరళలోని తుంబా దగ్గరగా పోతుంది. 1963 నవంబర్ 21న తొలి రాకెట్‌ను అక్కడి నుంచి వదలడానికి కారణం అదే. ఆ రేఖ మీద పైకి లేచిన ఎలక్ట్రాన్లు ఇరువైపులా దిగి పోగవుతాయి. ఉత్తరాన ఆ పోగు శిఖరం గుజరాత్, భోపాల్ ప్రాంతాల మీద ఉంటుంది. హైదరాబాద్ ఈ రెండింటి మధ్య ఉంది. యూరప్ వాళ్లకు 27 మెగాహెర్ట్జ్ మూసుకుపోయిన రోజుల్లో కూడా మనకు తెరిచి ఉండే అవకాశం అందుకే ఎక్కువ.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ పట్టించుకోనిది, ఇంట్లో గోల. పెళ్లిలో బ్యాండుమేళం పక్కన నిలబడి ఫోన్ మాట్లాడితే ఎలా ఉంటుందో, హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో రేడియో పరిస్థితి అలా ఉంది. మీ మాట సింగపూర్ చేరుతుంది. వాళ్ల జవాబు మీ ఎల్ఈడీ బల్బు గోలలో మునిగిపోతుంది.

పరీక్ష చేద్దాం. రేడియోను 12 వోల్ట్ల బ్యాటరీకి కలపండి. సిగ్నల్ లేనప్పుడు గోలను నొక్కి ఉంచే స్క్వెల్చ్‌ను పూర్తిగా తెరవండి. మీటర్ ముల్లు చూడండి, ఎస్-7 దగ్గర ఊగుతోంది అనుకుందాం. ఇప్పుడు ఇంట్లో ఎంసీబీలు ఒక్కొక్కటే దించుతూ రండి. హాల్ దించితే కొంచెం తగ్గుతుంది, అది వైఫై అడాప్టర్, సెట్‌టాప్ బాక్స్. ఇన్వర్టర్ చార్జింగ్ ఆపగానే ఆ బుర్రుమనే శబ్దం ఒక్కసారిగా పోతుంది. అన్నీ దించాక ముల్లు ఎస్-3కి వచ్చిందంటే నాలుగు యూనిట్లు, 24 డెసిబెల్స్. లెక్క ప్రకారం అవతలి మనిషి పవర్‌ను 250 రెట్లు పెంచినంత లాభం. రూపాయి ఖర్చు లేదు! దొంగ దొరికాక చౌక అడాప్టర్ మార్చండి, వైర్లకు ఫెర్రైట్ రింగులు తొడగండి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఇలాంటి సామాను దొరుకుతుంది. కేబుల్ యాంటెన్నాను కలిసే చోట ఆ కేబుల్‌నే ఐదారు చుట్లు చుట్టి కట్టండి, గోల కేబుల్ మీదుగా ఎక్కి రాకుండా ఆపుతుంది.

యాంటెన్నాకు మామూలు రాగి తీగ చాలు. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్, అంటే రెండు చేతుల తీగ యాంటెన్నా, మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 27.12కి 5.27 మీటర్లు, ఒక్కో చేయి 2.64. ముందు 2.75 కోసి, తర్వాత సరిచేసుకోండి. ఒకటో ఛానల్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) ఎక్కువ, 27లో తక్కువ ఉంటే తీగ పొట్టిగా ఉన్నట్టు. తిరగబడితే పొడుగు. నానోవీఎన్ఏ అనే యాంటెన్నా కొలిచే చిన్న పరికరం ఉంటే అసలు ట్రాన్స్‌మిట్ చెయ్యకుండానే చూడొచ్చు. ఊళ్లోవాళ్లతో మాట్లాడాలంటే నిలువుగా కట్టండి, ఎందుకంటే అందరివీ నిలువే. డిష్ టీవీకి వాడి మిగిలిన కేబుల్ 75 ఓమ్‌లది, వినడానికి ఫర్వాలేదు. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ ఇరవై మీటర్లు వేస్తే పవర్‌లో దాదాపు మూడో వంతు దారిలోనే పోతుంది. మందపాటి ఆర్‌జీ-213 వెయ్యండి.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. మన గల్లీల్లో 11 కేవీ లైన్లు డాబా పక్కనుంచే పోతాయి. యాంటెన్నా పడితే ఏ వైపు పడినా లైన్‌కు తగలనంత దూరం లేకపోతే కట్టనే కట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఉరుము వినపడక ముందే, మబ్బు పట్టగానే కేబుల్ ఊడదీసి బయట పెట్టండి.

మరి బావగారితో ఎలా? హ్యామ్ లైసెన్స్, అంటే అభిరుచిగా రేడియో నడిపేవాళ్లకు ఇచ్చే లైసెన్స్, తీసుకోండి. పన్నెండేళ్లు నిండితే చాలు. అందులో కింది మెట్టైన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ అక్కర్లేదు. పగటి పూట 7 మెగాహెర్ట్జ్ మీద తీగ తక్కువ ఎత్తులో కట్టుకుంటే తరంగం నిటారుగా పైకి పోయి చుట్టూ దిగుతుంది, విజయవాడ హాయిగా అందుతుంది. అటు ఆయన కూడా లైసెన్స్ తీసుకోవాలి మరి. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులో ఎన్ఐఏఆర్, జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ, మన ఊళ్లోనే ఉంది. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతి ప్రసాద్ (ఆమె రేడియో పేరు వీయూ2ఆర్‌బీఐ) 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి రేడియో మీద బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేశారు. ఫోన్లు పనిచెయ్యని వేళ తమవాళ్ల క్షేమం ఆమె గొంతు ద్వారా తెలుసుకున్న కుటుంబాలు ఎన్నో. ఆ విద్య నేర్చుకునే చోటు సోమాజిగూడలో ఉండగా యాంప్లిఫయర్‌కు డబ్బు పొయ్యడం నాకు నచ్చదు.

లైసెన్స్ చేతికి వచ్చాక ఇదే డైపోల్ దించి, ఒక్కో చేయి 2.51 మీటర్లకు కోయండి. 28.5 మెగాహెర్ట్జ్‌కు అది సరిపోతుంది.