ఎం.సి.బి. ఎందుకు పడిపోతుంది?

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో అన్నీ మామూలుగా నడుస్తుండగా టక్కుమని ఒక చిన్న శబ్దం వినిపిస్తుంది, ఒక గదిలో లైట్లు, ఫ్యాను ఒక్కసారిగా ఆగిపోతాయి. బోర్డు దగ్గరికి వెళ్ళి చూస్తే వరుసలో ఒక్క మీట మాత్రం పడి ఉంటుంది. ఎం.సి.బి., అంటే మినియేచర్ సర్క్యూట్ బ్రేకరు, పడిపోయిందనుకుని దాన్ని పైకెత్తి మళ్ళీ మన పనిలో పడిపోతాం. అది దేన్ని కాపాడడానికి పడిందని అడిగితే చాలామంది టీవీ పేరో, ఫ్రిజ్జు పేరో చెబుతారు. నిజానికి అది కాపలా కాసేది గోడ లోపల ఉన్న వైరుకు.

వైరులో విద్యుత్తు ప్రవహించినంతసేపూ కొంత వేడి పుడుతూనే ఉంటుంది. ఈ వేడి ప్రవాహం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి, ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. వెయ్యి డిగ్రీలు దాటితే తప్ప కరగని రాగికి ఇది లెక్కలోకి రాదు. తట్టుకోలేనిది దాని మీది పి.వి.సి. తొడుగు. మామూలు రకం తొడుగును 70 డిగ్రీల సెల్సియస్ వరకు నిలకడగా పనిచేసేలా తయారుచేస్తారు. ఆ హద్దు దాటి పదే పదే వేడెక్కితే అది పెళుసెక్కి, పగుళ్ళిచ్చి, చివరికి రెండు వైర్ల మధ్య అడ్డుగోడ లేకుండా చేస్తుంది. ఇదంతా గోడలో, పైపు లోపల, మన కంటికి కనిపించకుండా జరిగే పని.

బ్రేకరు లోపల ఇద్దరు కాపలాదారులున్నారని చెప్పుకోవచ్చు. మొదటిది ద్విలోహ పట్టీ. వేడికి వేర్వేరు మోతాదుల్లో వ్యాకోచించే రెండు లోహాలను అతికించి చేసిన రేకు ఇది. ప్రవాహం ఎక్కువై పట్టీ వేడెక్కినప్పుడు, ఒక లోహం రెండోదానికంటే ఎక్కువ సాగడంతో పట్టీ వంగి, లోపలి కొక్కేన్ని తప్పించి, సర్క్యూట్‌ను తెంపుతుంది. ఈ పట్టీకి తొందర లేదు, ఉండకూడదు కూడా. 230 వోల్టుల సరఫరాలో 2,000 వాట్ల హీటరు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. 16 ఆంపియర్ల బ్రేకరు మీద అలాంటివి రెండు పెడితే 17.4 ఆంపియర్లు అవుతుంది, అయినా అది పడకపోవచ్చు. ఎందుకంటే గృహ బ్రేకర్లకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, రాసిన అంకెకు 1.13 రెట్ల వరకు అది కనీసం గంటసేపు నిలబడాలి, 1.45 రెట్లు ఉంటే గంటలోగా పడిపోవాలి. మూడో హీటరు వేస్తే ప్రవాహం 26 ఆంపియర్లు దాటి, ఆ రెండో హద్దును మించిపోతుంది.

రెండోది విద్యుదయస్కాంతం. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు ప్రవాహం వందల, ఒక్కోసారి వేల ఆంపియర్లకు ఎగబాకుతుంది. పట్టీ వేడెక్కేదాకా ఆగితే వైరు మిగలదు. అందుకే ఆ ప్రవాహమే ఒక తీగచుట్టను బలమైన అయస్కాంతంగా మార్చి, లోపలి ఇనుప ముక్కను లాగి, సెకనులో వందో వంతు అటూ ఇటుగా కాంటాక్టులను విడదీస్తుంది. విడిపోతున్న కాంటాక్టుల మధ్య మండే మెరుపును, పేర్చిన సన్నని లోహపు రేకుల దొంతర ముక్కలుగా చీల్చి ఆర్పేస్తుంది. బ్రేకరు ముఖం మీద చిన్న దీర్ఘచతురస్రంలో కనిపించే 6000 అనే అంకె, ఎన్ని ఆంపియర్ల షార్ట్ సర్క్యూట్‌ను అది సురక్షితంగా తెంపగలదో చెప్పేదే.

16 లాంటి ఆంపియర్ల అంకె ముందు సి అనే అక్షరం ఉంటే, ప్రవాహం ఆ అంకెకు అయిదు నుంచి పది రెట్ల మధ్యకు చేరినప్పుడు అయస్కాంతం కదులుతుందని అర్థం. మోటార్లు మొదలయ్యేటప్పుడు క్షణకాలం ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి ఈ సడలింపు అవసరం.

ఇక్కడే చాలా ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతుంది. మాటిమాటికీ పడుతోందని విసిగి, 16 ఆంపియర్ల బ్రేకరు తీసి 32 ఆంపియర్లది పెట్టిస్తారు. పడటం నిజంగానే ఆగిపోతుంది. గోడలోని వైరు మాత్రం పాతదే. 16 ఆంపియర్లకు సరిపోయే వైరులో ఇప్పుడు 32 ఆంపియర్లు ప్రవహించి, నాలుగు రెట్లు వేడి పుడుతున్నా కొత్త బ్రేకరు కదలదు, ఎందుకంటే దాని లెక్కలో ఏ తప్పూ జరగడం లేదు. పూర్వం ఫ్యూజులో దొరికిన మందపాటి తీగ చుట్టేవాళ్ళు, ఇదీ అదే పని, కాకపోతే చూడటానికి శుభ్రంగా ఉంటుంది. లోడు పెరిగితే మార్చాల్సింది ముందు వైరును, ఆ తర్వాతే బ్రేకరును.

బ్రేకరుకు తెలియని ప్రమాదాలూ ఉన్నాయి. స్విచ్‌బోర్డులో స్క్రూ వదులైతే, మామూలు ప్రవాహానికే ఆ అతుకు దగ్గర విపరీతమైన వేడి పుడుతుంది, మీట మాత్రం నిలబడే ఉంటుంది. మనిషికి షాక్ తగిలినప్పుడు ప్రవహించేది ఆంపియరులో చిన్న భిన్నం, అది ఈ బ్రేకరుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దానికోసం, వెళ్ళే ప్రవాహానికీ తిరిగొచ్చే ప్రవాహానికీ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే స్పందించే ఆర్.సి.సి.బి. అనే మరో రకం బ్రేకరు వేరే ఉండాలి.

ఓవర్‌లోడ్ వల్ల పడిన మీట వెంటనే పైకి నిలవకపోతే, పట్టీ ఇంకా చల్లారలేదని అర్థం. కొన్ని నిమిషాలు ఆగి, ఆ లైను మీదివన్నీ ఆపేసి ఎత్తి, ఒక్కొక్కటే వేస్తూ రావాలి. మీటను వేలితో అదిమి పట్టుకున్నా లాభం లేదు, లోపలి కొక్కెం దానితో పనిలేకుండానే విడిపోతుంది. ప్లగ్గులన్నీ తీసేశాక కూడా ఎత్తిన క్షణమే పడిపోతుంటే, లోపం వైరింగులోనే ఉండవచ్చు కాబట్టి, ఆ మీటను అలాగే వదిలి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.